స్టైల్డ్ వెడ్డింగ్ షూట్ ప్లానింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు పెళ్ళి థీమ్‌తో స్టైల్డ్ షూట్ చేయాలనుకునే ఫోటోగ్రాఫర్లు, డెకరేటర్లు, మేకప్ ఆర్టిస్టులు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న సందేహాలివి. పని జరిగే వరసలోనే పెట్టాం గానీ, ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

స్టైల్డ్ షూట్ అంటే ప్రీవెడ్డింగ్ షూట్ లాంటిదేనా?

కాదు. ప్రీవెడ్డింగ్‌లో పెళ్ళి చేసుకోబోయే జంట ఉంటుంది, డబ్బు వాళ్ళది, ఫోటోలూ వాళ్ళవే. స్టైల్డ్ షూట్‌లో అసలు పెళ్ళే ఉండదు. ఫోటోగ్రాఫర్, డెకరేటర్, మేకప్ ఆర్టిస్ట్, నగలవాళ్ళు, చీరలవాళ్ళు కలిసి తమ పనితనం చూపించుకోవడానికి ఒక పెళ్ళి సెట్టు వేసి మోడళ్ళతో తీసుకుంటారు. ముహూర్తం ముంచుకురాదు, వేదిక మీద ముప్పై మంది చుట్టాలు మూగరు. పెళ్ళిలో ఎంత డబ్బు పెట్టినా దొరకని తీరిక ఇక్కడ దొరుకుతుంది. ఆ తీరికను దేనికి వాడాలో తేల్చుకోవడమే ప్లానింగ్. జడలో పూల అల్లిక, జరీ అంచు, తలంబ్రాల పళ్ళెం, కాళ్ళ పారాణి లాంటి వాటికి వాడండి. అప్పగింతల ఏడుపు, తండ్రి కంటతడి మోడళ్ళతో తీస్తే నాటకంలా ఉంటాయి. వాటిని అసలు పెళ్ళికి వదిలేయడమే మంచిది.

అందరూ ఫ్రీగా చేస్తున్నప్పుడు ఇంకా ఖర్చేముంటుంది?

ఫీజులు ఉండవు, సరుకుల ఖర్చు ఉంటుంది. పూలు, సెట్టు తెచ్చే ట్రాలీ ఆటో, డెకరేటర్ వెంట వచ్చే కుర్రాళ్ళ కూలి, లొకేషన్ అద్దె, మోడళ్ళ రానుపోను చార్జీలు, పదిహేను మందికి టిఫినూ భోజనం, చివర్లో పట్టుచీర డ్రై క్లీనింగ్. గొడవలు ఎక్కువగా పూల బిల్లు దగ్గరే వస్తాయి, ఎందుకంటే డెకరేటర్ సామానంతా తిరిగి ఇంటికి వెళ్తుంది, పూలు మాత్రం ఆ రోజుతో సరి. అందుకే మొదటి మీటింగులోనే ఒక సూత్రం పెట్టుకోండి: షూట్ అయ్యాక యజమాని ఇంటికి తిరిగి వెళ్ళే వస్తువు ఖర్చు యజమానిది, ఆ రోజుతో అయిపోయే వస్తువు ఖర్చు అందరిదీ. అంచనా మీద మరో పది శాతం పక్కన పెట్టండి, ఏదో ఒకటి చివరి నిమిషంలో కొనాల్సి వస్తుంది.

థీమ్ ఏం పెట్టాలో తేలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రంగుతో మొదలుపెడితే చాలాసార్లు ఎక్కడో చూసిన ఫోటోకు నకలు తయారవుతుంది. ఒక బట్టతోనో, ఒక చోటుతోనో మొదలుపెట్టండి. పోచంపల్లి ఇక్కత్ చీర తీసుకుంటే దాని పక్కకు పెంబర్తి ఇత్తడి బిందెలు, సాదా తెల్ల గోడ చాలు. ధర్మవరం పట్టు అయితే అంచు వెడల్పుగా, బరువుగా ఉంటుంది కాబట్టి సెట్టు తేలిగ్గా ఉండాలి. గోదావరి జిల్లాల మండువా లోగిలి దొరికితే ఎర్రంచు మధుపర్కాలు, అరటి చెట్లు, కొబ్బరాకు పందిరి మించి ఏమీ అక్కర్లేదు. వరుడికి పొందూరు ఖాదీ పంచె కట్టిస్తే ఫోటోలో దాని నేత విడిగా తెలుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీని వెనక తెరగా వాడాలనుకుంటే ముందు నిలబడే చీర సాదాగా ఉండాలి, రెండూ బొమ్మలైతే కన్ను ఎక్కడా ఆగదు. ఒక ప్రధాన రంగు, దానికి తోడు రెండు, ఆపైన లోహం రంగు ఒకటి. అంతకు మించితే పెళ్ళి సెట్టు షాపింగ్ మాల్ ఓపెనింగ్‌లా తయారవుతుంది.

మూడ్ బోర్డులో (షూట్ ఎలా ఉండాలో చూపే నమూనా ఫోటోల పేజీలో) ఎన్ని ఫోటోలు ఉండాలి?

పన్నెండు నుంచి పదిహేను. యాభై పెడితే డెకరేటర్‌కు ఒకటి నచ్చుతుంది, మేకప్ ఆర్టిస్ట్‌కు ఇంకొకటి, ఇద్దరూ వేర్వేరు షూట్‌లకు తయారై వస్తారు. ప్రతి ఫోటో కింద దాన్ని ఎందుకు పెట్టారో ఒక్క ముక్క రాయండి: "వెలుతురు కోసం", "జడ కోసం", "పళ్ళేల అమరిక కోసం". అది రాయకపోతే వెలుతురు కోసం పెట్టిన ఫోటోలో ఉన్న ముక్కెర చూసి నగలవాళ్ళు అచ్చం అలాంటిదే పట్టుకొస్తారు. ఫోన్ స్క్రీన్లలో రంగు ఒక్కోలా కనిపిస్తుంది కాబట్టి చీర అంచు గుడ్డ ముక్కో, అదే రంగు దారమో డెకరేటర్ చేతికి ఇవ్వండి.

మోడళ్ళనే పెట్టాలా, నిజమైన జంట అయితే నడుస్తుందా?

నడుస్తుంది, ఒక్కోసారి మోడళ్ళకన్నా నయం. ఒకరిని ఒకరు ముట్టుకోవడంలో బిగుసుకుపోరు. కాకపోతే ఆరు గంటలు నగల బరువుతో నిలబడటం అలవాటు లేక నాలుగో గంటకే ముఖం వాడిపోతుంది. పరిచయం లేని ఇద్దరు మోడళ్ళయితే ఎంత దగ్గరగా నిలబడతారు, ఎక్కడ చెయ్యి వేయొచ్చు అన్నది ముందే విడివిడిగా అడగండి. తాళి కట్టే షాట్ గురించి తప్పనిసరిగా అడగాలి. చాలామంది అమ్మాయిలకు షూట్ కోసమైనా తాళి కట్టించుకోవడం ఇష్టం ఉండదు. ముడి వేయకుండా వెనక నుంచి పసుపుతాడు రెండు చేతుల్లో పట్టుకున్నట్టు తీస్తే ఫోటో అలాగే వస్తుంది, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఫోటోల హక్కు ఎవరిది? ఒప్పందం రాసుకోవాలా?

రాసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఫోటో తీసినవారే మొదటి హక్కుదారు. కానీ ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేని పక్షంలో, హక్కు తీయించుకున్నవారిది. ఇక్కడే తేడా వస్తుంది: అందరూ ఉచితంగా కలిసి చేస్తే ఫోటోగ్రాఫర్ది, డెకరేటర్ డబ్బిచ్చి పిలిపిస్తే డెకరేటర్ది. హక్కు రాసిస్తే అది రాతలోనే ఉండాలి. ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకు, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు 19వ సెక్షన్ అనుకుంటుంది.

రెండు పేజీలు చాలు. ఎవరు ఏం తెస్తున్నారు, పోయినా పాడైనా ఎవరు కడతారు, ఫోటోలు ఎప్పుడు ఇస్తారు, ఎక్కడెక్కడ వాడొచ్చు, పేర్లు ఎలా వేయాలి, మోడళ్ళ ముఖం ప్రకటనలకు వాడొచ్చా లేదా. చివరిదానికి మోడల్ సంతకం విడిగా తీసుకోండి. చీర కొట్టు వాళ్ళ హోర్డింగ్ మీద తన ముఖం చూసి మోడల్ ఫోన్ చేసే పరిస్థితి రాకూడదు.

## చోటు, వేళ, వెలుతురు

గోల్కొండ, రామప్ప, లేపాక్షి లాంటి చోట్ల తీయొచ్చా?

చేత్తో పట్టుకుని మామూలు ఫోటోలు తీసుకోవడం వేరు, మోడళ్ళూ లైట్లూ ట్రైపాడ్లతో దిగడం వేరు. గోల్కొండ, వరంగల్ కోట, రామప్ప, లేపాక్షి, చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ పరిధిలో ఉన్నాయి. రెండో రకం షూట్‌కు ఆ శాఖ నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. గేటు దగ్గర సెక్యూరిటీతో మాట్లాడి లోపలికి వెళ్ళినా, రిఫ్లెక్టర్ తెరవగానే ఆపేస్తారు. అప్పటికి మేకప్ కూడా అయిపోయి ఉంటుంది. కుతుబ్‌షాహీ సమాధులు తెలంగాణ వారసత్వ శాఖవి, దరఖాస్తు వాళ్ళకే పెట్టాలి.

పూజలు జరిగే గుడిలో పెళ్ళి నటన పెట్టుకోవద్దన్నది మా మాట. అనుమతి దొరికినా భక్తుల్లో ఒక్కరు అభ్యంతరం చెబితే షూట్ అక్కడితో ఆగిపోతుంది. పాత ఇంటి రాతి అరుగు, చెక్క స్తంభాల వరండా, ఊరి చివర రావిచెట్టు గట్టు ఇంచుమించు అదే రూపాన్ని ఇస్తాయి.

ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి?

సూర్యోదయం నుంచి వెనక్కి లెక్క వేయండి. డిసెంబరు నెలాఖర్లో హైదరాబాద్‌లో సూర్యుడు సుమారు 6:40కి వస్తాడు, 5:50కి అస్తమిస్తాడు. మే నెలాఖర్లో 5:40కి వచ్చి 6:45 దాకా ఉంటాడు. విశాఖలో ఇవన్నీ దాదాపు 20 నిమిషాలు ముందుకు జరుగుతాయి. మెత్తటి వెలుతురు ఉదయం తొలి గంటన్నర, సాయంత్రం చివరి గంటన్నర.

పెళ్ళికూతురు మేకప్, జడ, చీరకట్టు, నగలు కలిపి రెండున్నర గంటలకు తగ్గవు. అంటే ఉదయపు వెలుతురు కావాలంటే మేకప్ డిసెంబరులో తెల్లవారుజామున నాలుగుకే, మేలో మూడుకే మొదలవ్వాలి. దానికి ఎవరూ ఒప్పుకోకపోతే మధ్యాహ్నం ఒంటిగంటకు మేకప్ మొదలుపెట్టి సాయంత్రపు వెలుతురు పట్టుకోండి. మేకప్ జరుగుతున్నంతసేపూ ఫోటోగ్రాఫర్ కిటికీ పక్కన శుభలేఖ, నగలు, పళ్ళేల ఫోటోలు పూర్తి చేసుకోవచ్చు.

హాల్లో తీస్తే ముఖం సగం పసుపు, సగం నీలం వస్తోంది. ఎందుకు?

రెండు రకాల వెలుతురు కలిసింది. పసుపు బల్బు 2700 నుంచి 3200 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) మధ్య, కిటికీ ఎండా ఫ్లాషూ 5500 దగ్గర ఉంటాయి. కెమెరా రెంటినీ ఒకేసారి సరిచేయలేదు. బల్బులు ఆర్పేసి కిటికీ వెలుతురుతో తీయండి, లేదా తెరలు వేసేసి ఫ్లాష్‌కు ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) తగిలించి బల్బు రంగులోకి తెచ్చుకోండి. డెకరేటర్ పెట్టిన గులాబీ, ఊదా ఎల్‌ఈడీ లైట్లు ముఖం మీద పడకుండా వెనక తెర మీదికి తిప్పించండి. ముఖం మీద పడ్డ ఊదా రంగును ఎడిటింగ్‌లో తీయడం దాదాపు అసాధ్యం. ప్రతి సెట్టులో మొదటి ఫ్రేమ్ గ్రే కార్డుతో (తర్వాత రంగులు సరిచేసుకోవడానికి వాడే బూడిద రంగు అట్టతో) తీసి ఉంచండి.

ఫోటోల్లో అడ్డంగా నల్ల చారలు వస్తున్నాయి. కెమెరా పాడైందా?

లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానితో వెలిగే చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం 1/50 సెకను గానీ 1/100 గానీ పెట్టండి. మసకబార్చే రెగ్యులేటర్ ఉన్న డెకరేషన్ లైట్లకు ఈ లెక్క పనిచేయదు. వాటిని పూర్తి వెలుగులో పెట్టి, ఎక్కువైతే దూరం జరపండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

ముందు ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. ఆకుపచ్చ ప్రాంతమైతే సరే, పసుపు అయితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి, ఎరుపు అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపార పనికి వాడాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఇంకో మాట: కింద తలంబ్రాల పళ్ళెం ఉండగా డ్రోన్ దించితే ఆ గాలికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

## బట్టలు, నగలు, పూలు

జరీ తెల్లగా మెరిసిపోయి డిజైన్ కనబడటం లేదు. ఏం చేయాలి?

జరీ అద్దం లాంటిది, కెమెరా పక్కనుంచి వచ్చిన వెలుతురును నేరుగా కెమెరాకే తిప్పికొడుతుంది. లైటును పక్కకు, 60 నుంచి 80 డిగ్రీల కోణానికి జరిపితే పోగులు విడివిడిగా కనబడతాయి. లైటు ఎంత పెద్దదైతే మెరుపు అంత మెత్తగా ఉంటుంది. కనీసం నాలుగడుగుల సాఫ్ట్‌బాక్స్ వాడండి, లేకపోతే కిటికీకి తెల్ల పంచె కట్టినా సరిపోతుంది. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి రానిచ్చే వెలుతురు) ముఖానికి కాకుండా జరీకి చూసుకుని, ముఖాన్ని రిఫ్లెక్టర్‌తో లేపండి. పోలరైజర్ (మెరుపు తగ్గించడానికి లెన్సుకు బిగించే ఫిల్టర్) లోహపు మెరుపును పెద్దగా తగ్గించదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎర్ర చీర ముద్దలా వస్తోంది, మడతలే లేవు.

ఎరుపు చానెల్ నిండిపోయి పొంగిపోయింది. కెమెరా చూపే మామూలు హిస్టోగ్రామ్‌లో (వెలుతురు ఎంత ఉందో చూపే గ్రాఫ్‌లో) ఇది కనబడదు, మూడు రంగుల హిస్టోగ్రామ్ ఆన్ చేయండి. ఎరుపు గీత కుడి అంచుకు తగులుతుంటే ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించి, రా ఫైలులో (కెమెరా కుదించని అసలు ఫైలులో) తీయండి. పక్క నుంచి వెలుతురు పడితే మడతలు అవే తేలతాయి.

పూలు ఎంత కొనాలి, ఎప్పుడు కొనాలి?

పూల కొట్టులో కిలోల్లో అడక్కండి, పొడవు లెక్కేసి అడగండి. ఉదాహరణకు ఎనిమిదడుగుల స్తంభం, చుట్టుకొలత మూడడుగులు. ఎనిమిది అంగుళాల ఎడంతో బంతి దండ చుడితే పన్నెండు చుట్లు, అంటే సుమారు 37 అడుగులు. మూర ఒకటిన్నర అడుగు అనుకుంటే ఒక స్తంభానికి 25 మూరలు, నాలుగింటికి వంద. తెగేవీ వాడిపోయేవీ ఉంటాయి కాబట్టి పది మూరలు అదనం.

బంతి, చామంతి ముందు రోజు సాయంత్రం తెచ్చుకోవచ్చు. హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ మార్కెట్, గోదావరి వైపు కడియం ఉన్నాయి. మల్లెలు మాత్రం అదే రోజు, మొగ్గలుగానే తేవాలి. సాయంత్రానికి విచ్చుకుంటాయి కాబట్టి మధ్యాహ్నం షూట్‌కు మొగ్గల దండే జడకు అందం. తడిగుడ్డలో అరిటాకు వేసి చుట్టి నీడలో పెట్టండి. కనకాంబరాలు ఎక్కువసేపు వాడిపోకుండా ఉంటాయి, వేసవి షూట్‌లో పూలజడకు అవే నమ్మకం. లిల్లీ పూల మీద నీళ్ళు చల్లితే అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి, తాజాగా కనబడాలని ఆ పని చేయకండి. బంతి రేకలు నలిగితే లేత పట్టు మీద మరక పడుతుంది, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే ముందు పీట తుడవండి.

పెద్దవాళ్ళు చూసి తప్పులు పట్టకుండా ఉండాలంటే ఏం గమనించాలి?

ఎక్కువ నవ్వులపాలయ్యేది ఇక్కడే, ఎందుకంటే పెళ్ళి తంతు తెలియని తెలుగు ఇల్లాలు ఉండదు. ముందుగా వరస. నల్లపూసలు, మెట్టెలు తాళి కట్టక ముందు తీసిన ఫోటోల్లో కనబడకూడదు. జీలకర్ర బెల్లం వేళ వధూవరులు ఎదురెదురుగా, మధ్యలో అడ్డుతెర. తెర తీశాక తీసే షాట్‌లో ఇద్దరి తలల మీద జీలకర్ర బెల్లం ఉండాలి, లేకపోతే కథ తప్పింది. బాసికం ఇద్దరికీ ఉండాలి, ఒక్క పెళ్ళికూతురికే కట్టి వదిలేసిన షూట్‌లు చాలా కనిపిస్తాయి. కళ్యాణ తిలకం, బుగ్గచుక్క కూడా అంతే. పసుపుతాడుకు రెండు పుస్తెలు ఉండాలి, ఒక్కటే వేలాడదీయకండి.

మధుపర్కాలు ఎప్పుడు కట్టుకుంటారు, కొబ్బరిబొండం పట్టుకుంటారా, బుట్టలో తెస్తారా అన్నవి ప్రాంతాన్నీ ఇంటి ఆచారాన్నీ బట్టి మారతాయి. ఏదో ఒక ప్రాంతపు పద్ధతి ఎంచుకుని అందులోనే ఉండండి. గోదావరి బుట్టనూ, వేరే ప్రాంతపు తలపాగానూ ఒకే ఫ్రేములో కలిపితే ఎవరికీ నచ్చదు. షాట్ లిస్ట్ తయారయ్యాక ఒక పురోహితుడికో, నాలుగు పెళ్ళిళ్ళు చేసిన పెద్దావిడకో చూపించండి. పది నిమిషాల పని.

జీలకర్ర బెల్లం నుదుటి మీదికి కారిపోతోంది.

బెల్లానికి నీళ్ళు తగలనివ్వకండి. గట్టి బెల్లం కోరి, జీలకర్రను పొడి చేయకుండా కచ్చాపచ్చాగా దంచి కలిపితే తమలపాకు మీద ముద్దగా నిలుస్తుంది. లైట్ల వేడికి పది నిమిషాల్లో మెత్తబడుతుంది కాబట్టి రెండు ముద్దలు చేసి ఒకటి ఫ్రిజ్‌లో ఉంచండి. దగ్గర షాట్‌లో ఆకు ఈనె కెమెరా వైపు కాకుండా నునుపు వైపు కనబడేలా పెట్టండి.

తలంబ్రాలు గాల్లో ఆగినట్టు రావాలంటే?

మూడు కిలోల బియ్యం చాలు, ఐదారు టేకులు వస్తాయి. ముందు రోజే పసుపు, కాస్త నెయ్యి పట్టించి నీడలో ఆరబెట్టండి. తడిగా ఉంటే ఉండలు కట్టి ముద్దలుగా పడతాయి, చీరకు పసుపు అంటుతుంది. ఎండలో అయితే షట్టర్ 1/1000 పైన పెట్టండి. హాల్లో అయితే గది చీకటి చేసి, ఫ్లాష్ పవర్ పూర్తి పవర్‌లో 1/16వ వంతుకి తగ్గించి తీయండి. పవర్ తగ్గేకొద్దీ ఫ్లాష్ మెరిసే సమయమూ తగ్గుతుంది, గింజను ఆపేది షట్టర్ కాదు, ఆ మెరుపే. వెలుతురు చాలకపోతే ఒక ఫ్లాష్‌ను పూర్తి పవర్‌కు పెంచే బదులు 1/16లో రెండు పెట్టండి, అందులో ఒకటి వెనక నుంచి: గింజల అంచులు వెలుగుతాయి. దోసిలి ఎత్తి గబుక్కున కుమ్మరించకుండా, వేళ్ళు విప్పుతూ జార్చమని చెప్పండి. ముఖం మీదికి పడతాయి కాబట్టి కళ్ళు మూసుకునే ఫ్రేములు సగం ఉంటాయి, ప్రతి టేకుకూ బర్స్ట్ (వరసగా చకచకా పడే ఫ్రేములు) తీయండి. థర్మోకోల్ ఉండలు వద్దు, అవి పడవు, తేలుతాయి. ఫోటోలో కూడా ఆ తేడా తెలుస్తుంది. ఈ షాట్‌ను రోజు చివర్లో పెట్టండి, తర్వాత ఆ చీరతో ఇంకేమీ తీయలేరు.

అద్దె నగలు ఫోటోలో నకిలీగా కనబడుతున్నాయి.

సాధారణంగా కారణాలు రెండు: వేలిముద్రలు, ఎదురు ఫ్లాష్. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి ఆ తర్వాత పట్టుకునేవాళ్ళు కాటన్ గ్లవుజులు వేసుకోవాలి. టెంపుల్ నగలకు కెమెరా పక్కన ఒక నల్ల అట్ట పెడితే లోహం మీద చీకటి గీత పడి లోతు వస్తుంది. వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగును వెచ్చగానో చల్లగానో చేసే సెట్టింగ్) వెచ్చగా పెడితే వన్ గ్రామ్ గోల్డ్ నారింజ రంగులోకి పోతుంది, కొంచెం చల్లగానే ఉంచండి. వడ్డాణం, వంకీ, మాటీలు, జడగంటలు అన్నీ తీసుకునేటప్పుడే ఒక తెల్ల గుడ్డ మీద పరిచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. తిరిగి ఇచ్చేటప్పుడు అదే లెక్క.

గోరింటాకు ఎప్పుడు పెట్టించాలి?

షూట్‌కు ఒక రోజు ముందు. అసలు గోరింటాకు తీసిన వెంటనే నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. గంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో వెంట్రుకల రంగులో వాడే రసాయనం ఉండొచ్చు, చేతులు బొబ్బలెక్కుతాయి. పారాణి మాత్రం షూట్ ముందు, చీర కట్టాక కాదు, కట్టే ముందు పెట్టి ఆరనివ్వాలి.

శుభలేఖ, ఉంగరాలు లాంటి చిన్న ఫోటోలు ఎలా తీయాలి?

కిటికీకి పక్కగా బల్ల వేసి, దాని మీద మూడడుగులకు నాలుగడుగుల పలక, ఎదురు వైపు తెల్ల అట్ట. శుభలేఖ మీద బంగారు రంగు అక్షరాలు నల్లగా వస్తే కార్డు ఒక అంచు కింద నాణెం పెట్టి కొద్దిగా ఎత్తండి, వెలుతురు పట్టుకుంటుంది. నాలుగు మూలలా పసుపు మర్చిపోవద్దు. పేర్లు, ముహూర్తం కల్పితమైనా అక్షర దోషాలు ఉండకూడదు, తేదీకి వారం కలవాలి, ఎవరి నిజమైన ఫోన్ నంబరూ ఉండకూడదు.

ఉంగరానికి 100 మి.మీ. మాక్రో లెన్స్ వాడితే, పూర్తి సైజులో (ఉంగరం అసలు సైజే సెన్సార్ మీద పడేలా) లెన్సు ద్వారం ఎఫ్ 8 దగ్గర ఫోకస్‌లో ఉండేది దాదాపు ఒక్క మిల్లీమీటరు. రాయి ఫోకస్ అయితే చుట్టు మసకబారుతుంది. ట్రైపాడ్ మీద ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ ఎనిమిది పది ఫ్రేములు తీసి తర్వాత కలపండి. బిందెలో ఉంగరం తీసే షాట్‌కు నీళ్ళు ముందు రోజే పట్టి ఉంచండి, అప్పుడే పట్టిన నీళ్ళలో బుడగలు ఉంటాయి.

## షూట్ రోజు

ఒక రోజులో ఎన్ని లుక్‌లు తీయొచ్చు?

రెండు. చీర, జడ, నగలు మార్చడానికి గంటంపావు పడుతుంది, మూడో లుక్‌కు వచ్చేసరికి వెలుతురూ ఓపికా రెండూ అయిపోతాయి. షాట్ లిస్టులో లుక్‌కు పన్నెండు షాట్లు రాయండి, అందులో తప్పనిసరివి ఐదింటికి గుర్తు పెట్టండి. ఒక్కో షాట్‌కు పది నిమిషాలు. వరస కథ ప్రకారం వద్దు, వెలుతురు ప్రకారం, మరకల ప్రకారం పెట్టండి: శుభ్రమైనవి ముందు, పసుపు కుంకుమ తగిలేవి తర్వాత.

మోడళ్ళు పోజులో కొయ్యబొమ్మల్లా నిలబడుతున్నారు.

పోజు చెప్పకండి, పని చెప్పండి. బాసికం ముడి సర్దమనండి, జడగంటలు విప్పి మళ్ళీ పెట్టమనండి, కండువా కొంగుముడి వేయమనండి. చేతికి పని దొరికితే భుజాలు వాటంతటవే దిగుతాయి. "నవ్వండి" అన్న మాట సెట్టులో నిషేధం.

లెన్సులు ఏవి తీసుకెళ్ళాలి?

సెట్టు మొత్తానికి 35 మి.మీ., మనుషులకు 85, చిన్నవాటికి 100 మాక్రో. మండువా లోగిలి లాంటి ఇరుకు చోట 24 పెడితే అంచుల్లో నిలబడ్డవాళ్ళ చేతులు సాగుతాయి, ఖాళీ సెట్టుకే వాడండి. జంటను ఎఫ్ 1.8లో తీస్తే ఒకరి కళ్ళే ఫోకస్‌లో ఉంటాయి, ఎఫ్ 4కి రండి.

వచ్చిన వెండర్లందరూ (డెకరేటర్, నగలవాళ్ళు, చీరలవాళ్ళు లాంటివాళ్ళు) నా భుజం మీంచి ఫోన్లతో తీస్తున్నారు. ఎలా ఆపాలి?

ఆపొద్దు, టైమివ్వండి. ప్రతి సెట్టు చివర ఐదు నిమిషాలు ఫోన్లకు. ఆ ఐదు నిమిషాలు ఉందని తెలిస్తే మిగతా సేపు పక్కన నిలబడతారు. మోడల్ కళ్ళు నాలుగు వైపులా తిరగకపోవడమే దీనివల్ల అసలు లాభం.

హోమం నిజంగా వెలిగించాలా?

ఆరుబయట అయితే వెలిగించండి, రెండు బకెట్ల నీళ్ళు, ఒక తడి గోనెసంచి పక్కన ఉంచి. పచ్చి పుల్లలు పొగ ఎక్కువ ఇస్తాయి, పొగ అందంగానే ఉంటుంది గానీ మోడల్ కళ్ళు ఎర్రబడి కాటుక కారుతుంది. పొగ షాట్ చివరికి ఉంచి, కెమెరాకు ఎదురుగా, మోడళ్ళ వెనక నుంచి వెలుతురు వచ్చేలా నిలబడండి. హాల్లో వద్దు. ఫైర్ అలారం మోగితే హాలువాళ్ళు డిపాజిట్ తిరిగివ్వరు.

## షూట్ అయ్యాక

ఒక్కో వెండర్‌కు ఎన్ని ఫోటోలు ఇవ్వాలి?

అందరికీ ఒకే ఫోల్డర్ పంపితే పూలవాళ్ళు కూడా పెళ్ళికూతురి ముఖమే పెట్టుకుంటారు. ఒక్కొక్కరి పని కనబడే ఎనిమిది పది ఫోటోలు, వీటికి తోడు అందరికీ ఉమ్మడిగా ఇరవై. ఇన్‌స్టాగ్రామ్‌కు చిన్న సైజు, ప్రింటుకు పెద్ద సైజు విడివిడిగా. మూడు వారాలు గడువు చెప్పి రెండు వారాల్లో ఇవ్వండి. ఫిల్టర్లు వేయొద్దన్నది ఒప్పందంలోనే ఉంటే ఇప్పుడు వాదన ఉండదు.

ఎడిటింగ్‌లో పసుపు రంగు ముఖాలకు పాకుతోంది.

పసుపు బట్ట, బంతిపూలు, ఎండ తగిలిన పసుపు గోడ ముఖం మీదికి తమ రంగు విసురుతాయి. మొత్తం ఫోటోను చల్లబరిస్తే మధుపర్కాలు నీలంగా మారతాయి. ముఖానికి మాత్రమే మాస్క్ (ఎడిటింగ్‌లో ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకోవడం) వేసి పసుపు సాంద్రత కొద్దిగా తగ్గించండి. చర్మం రంగును మాత్రం తెల్లగా చేయకండి. మెడ, చేతులు ఒక రంగు, ముఖం ఒక రంగు ఉన్న ఫోటో మేకప్ ఆర్టిస్ట్ పని మీదే మచ్చ.

పెళ్ళి పత్రికకో, వెబ్‌సైటుకో పంపాలంటే?

ముందు వాళ్ళ నియమాలు చదవండి. చాలామంది ఇంకెక్కడా రాని ఫోటోలే తీసుకుంటారు. అందుకే జవాబు వచ్చేదాకా వెండర్లెవరూ పోస్ట్ చేయకూడదని షూట్‌కు ముందే మాట తీసుకోవాలి. అరవై నుంచి ఎనభై ఫోటోలు, నిలువూ అడ్డమూ కలిపి, అందరి పేర్లూ సరైన స్పెల్లింగుతో.

దీన్ని నిజమైన పెళ్ళిగా చూపించుకోవచ్చా?

వద్దు. క్యాప్షన్ మొదటి లైన్‌లోనే "స్టైల్డ్ షూట్" అని రాయండి. పెళ్ళివాళ్ళు ఈ ఫోటోలు చూసి మిమ్మల్ని పిలుస్తారు. రెండు వేల మంది వచ్చిన హాల్లో, ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి, వీడియో లైటు ఎదురుగా కొడుతుంటే అవే ఫోటోలు కావాలంటారు. పోర్ట్‌ఫోలియోలో స్టైల్డ్ షూట్ ఒక ఫోల్డర్‌గా, అసలు పెళ్ళిళ్ళు ఇంకో ఫోల్డర్‌గా పెట్టి, కలవడానికి వచ్చినప్పుడు రెండో ఫోల్డర్ ముందు తెరవండి.